పైన దర్జా, కింద చుట్టరికం

విజయవాడ మీదుగా పోయే హైవే ఎక్కినవాళ్ళకి ఈ దృశ్యం కొత్త కాదు. తలుపుల్లేవు, పైకప్పు లేదు, వెనక తొట్టి లేదు. పొడవాటి రెండు ఇనుప దూలాలు, వాటి ముందు ఇంజను, కింద చక్రాలు, పైన ఒక స్టీరింగు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు ఎండనీ దుమ్మునీ లెక్కచేయకుండా ఆ అస్థిపంజరాన్ని తోలుకుపోతుంటాడు. అది లారీ ఛాసీ. కంపెనీ అమ్మేది అంతవరకే. దానిమీద బాడీ కట్టేది ఆటోనగర్‌లో. కొన్న ఓనరు దగ్గరుండి చెక్క ఎక్కడ, రేకు ఎక్కడ, రంగేమిటి, అద్దం మీద దేవుడి పేరు ఏ అక్షరాల్లో రాయాలి అని ఒక్కొక్కటీ చెప్పి చేయించుకుంటాడు. ఛాసీ అందరిదీ ఒకటే, బాడీ ఎవరిది వాళ్ళదే.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటి ఉంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దానికి ఆర్డరిచ్చారు. 1911లోనే ఆయన కన్నుమూయడంతో అది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కి దక్కింది. నిజాం కోసం వెనక ఎత్తైన ఆసనం అమర్చారు కాబట్టి దాన్ని సింహాసనపు కారు అంటారు. రోల్స్ రాయిస్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఆ కంపెనీ ఇంగ్లండులోని డెర్బీ ఫ్యాక్టరీలో చేసింది ఆరు సిలిండర్ల ఇంజనూ, దాన్ని మోసే ఛాసీయే. చూపుని కట్టిపడేసే ఆ బాడీ అంతా లండన్‌లోని బార్కర్ కంపెనీ పనితనం. ఒకప్పుడు గుర్రబ్బగ్గీలు కట్టిన చేతులే ఆ రోజుల్లో కార్లకీ బాడీలు కట్టేవి. అంటే మన లారీ పుట్టే పద్ధతీ, నిజాం వారి కారు పుట్టిన పద్ధతీ ఒకటే. కింది భాగం ఒకరిది, పై భాగం ఇంకొకరిది.

ఇవాళ కోట్లు పోసి కొన్న కారు గురించి ఎవరైనా "దీని కింద ఉన్నది ఫలానా కారు ప్లాట్‌ఫామే కదా" అంటే కొన్నవాళ్ళ మొహం చిన్నబోతుంది. మోసపోయామా అని లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. నూరేళ్ళ కార్ల చరిత్ర చూస్తే అలా చిన్నబోవాల్సిన పని లేదనిపిస్తుంది. పునాది పంచుకోవడంలో తప్పు లేదు. పంచుకున్నాక కంపెనీ ఏం చేసిందన్నదాన్ని బట్టే ఆ కారు తన ధరకి తగినదో కాదో తేలుతుంది. అది కనిపెట్టాలంటే కారు కిందికి ఒకసారి తొంగిచూడాలి.

అట్టపెట్టె చెప్పే పాఠం

చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకోండి. మూత తీసేసి రెండు చివర్లా పట్టుకుని మెలితిప్పితే తేలిగ్గా వంకరపోతుంది. మూత పెట్టి చుట్టూ టేపు అంటించి మళ్ళీ తిప్పిచూడండి. ఈసారి మొండికేస్తుంది. అట్ట అదే, మందం అదే. ఆరు పక్కలూ ఒకదాన్నొకటి పట్టుకోవడంతో కొత్త బలం వచ్చింది.

పాత కార్లది మూత లేని పెట్టె పద్ధతి. బరువంతా కింద నిచ్చెన లాంటి చట్రం మోసేది, బాడీ దానిమీద కూర్చునేది. మూత అంటించిన పెట్టెలాగా బాడీయే బలమంతా మోసే పద్ధతిని మోనోకాక్ అంటారు. ఇటలీలో లాన్సియా లాంబ్డా 1922లోనే ఈ దారి పట్టింది. 1934లో ఫ్రాన్స్ కంపెనీ సిట్రొయెన్ తన ట్రాక్షన్ అవాంత్ కారుతో దాన్ని పెద్ద ఎత్తున తయారీలోకి తెచ్చింది. కారు తేలికైంది, ఎత్తు తగ్గింది, గట్టిదనం పెరిగింది.

అయితే బలమంతా బాడీలోనే ఉన్నప్పుడు ఆ బాడీని బయట ఎవరో కట్టడం కుదరదు. 1965లో రోల్స్ రాయిస్ తన తొలి మోనోకాక్ కారు సిల్వర్ షాడో తెచ్చినప్పుడు, ఎవరికి నచ్చిన బాడీ వాళ్ళు కట్టించుకునే ఆ పాత సంప్రదాయం దాదాపు ముగిసినట్టే అయింది. అదే ఏడాది బెంట్లీ టి అనే కారూ వచ్చింది. బెంట్లీ 1931 నుంచీ అప్పటిదాకా రోల్స్ రాయిస్ చేతిలోనే ఉండేది. రెండు కార్లూ ఒకే అచ్చు. ముందున్న రేడియేటర్ జాలీ ఆకారం, పేరు తప్ప చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రపంచంలోకెల్లా గొప్ప కారు అనిపించుకున్నది కూడా ఒక కవల తమ్ముడితో కలిసే పుట్టింది.

ఖరీదైన పేర్ల వెనక ఇలాంటి పుట్టుకలు ఇంకా ఉన్నాయి. 1948 జూన్‌లో ఆస్ట్రియాలోని గ్ముండ్ అనే చిన్న ఊళ్ళో పోర్షే పేరు మోసిన మొట్టమొదటి కారు, 356, రోడ్డెక్కింది. దాని ఇంజను, గేరుబాక్సు, సస్పెన్షన్ ఫోక్స్‌వాగన్ బీటిల్‌ నుంచి తీసుకున్నవే. సామాన్యుడి కోసం బీటిల్‌ని రూపొందించిన ఫెర్డినాండ్ పోర్షే కొడుకు ఫెర్రీ పోర్షే, ఆ 1,131 సీసీ ఇంజనుకే పదును పెట్టి 35 హార్స్‌పవర్ రాబట్టాడు. చవక కారు భాగాలతో మొదలైన ఆ పేరు తరవాత ఎక్కడికి చేరిందో అందరికీ తెలుసు.

కొలతల ఒడంబడిక

ప్లాట్‌ఫామ్ అనగానే కారు కింద ఉండే పళ్ళెం లాంటి ఒక ముక్క అనుకుంటాం. ఆ ముక్క అందులో ఒక భాగమే. ఇంజనీరుకి ప్లాట్‌ఫామ్ అంటే కొన్ని కొలతల ఒడంబడిక. సస్పెన్షన్ చేతులు బాడీకి ఎక్కడ బిగుస్తాయి, ఇంజను ఏ మూలల మీద కూర్చుంటుంది, స్టీరింగు కడ్డీ ఏ కోణంలో దిగుతుంది, ముందు నుంచి గుద్దుకుంటే ఆ దెబ్బ ఏ దూలాల గుండా వెనక్కి పారుతుంది, వైర్లు ఏ దారిన పోతాయి అన్నవన్నీ అందులో ముందే ఖాయమై ఉంటాయి. వాటిని కదపకుండా మిగతావి మార్చుకోవచ్చు.

ఫోక్స్‌వాగన్ గ్రూపు 2012లో తెచ్చిన ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్ చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందు చక్రాల ఇరుసు నుంచి డ్రైవరు కాలి కింద పెడల్ దాకా ఉన్న దూరం మారదు. చక్రాల మధ్య పొడవు, వెడల్పు, ముందూ వెనకా బయటికి పొడుచుకొచ్చే భాగం, ఎత్తు, అన్నీ మార్చుకోవచ్చు. ఆ ఒక్క దూరాన్నే ఎందుకు పట్టుకున్నారు? ఇంజను, గేరుబాక్సు, స్టీరింగు, బ్రేకు, ఏసీ యంత్రం, ప్రమాదంలో నలిగి మనల్ని కాపాడే దూలాలు, అన్నీ కిక్కిరిసి ఉండేది ఆ జాగాలోనే. అక్కడ ఒక అంగుళం జరిపితే వంద భాగాలు మళ్ళీ గీయాలి, మళ్ళీ పరీక్షించాలి. వెనక సీటు దగ్గర నేల రేకుని పొడిగించడం అంత కష్టం కాదు. ఖర్చు ఎక్కడ ఎక్కువో అక్కడ పంచుకుంటారు, స్వేచ్ఛ ఎక్కడ చవకో అక్కడ విడిపోతారు.

ఉక్కు రేకుల్ని ప్రెస్సులో నొక్కే డైలు, గుద్ది చూసే పరీక్షలు, ఎండల్లో మంచులో నెలల తరబడి నడిపి చూడటం, ఇవన్నీ ఒక్కసారి పెట్టే ఖర్చులు. పదివేల కార్లు అమ్మినా, పది లక్షలు అమ్మినా అవి పెద్దగా మారవు. ఏడాదికి కొన్ని వేల కార్లే అమ్మే కంపెనీ ఈ భారమంతా ఒంటరిగా మోయాలంటే ఒక్కో కారు మీద పడే వాటా భయంకరంగా ఉంటుంది. చుట్టాలతో కలిసి వండుకుంటే పొయ్యి ఖర్చు పంచుకోవచ్చు. ఎవరి విస్తట్లో ఏం వడ్డించుకోవాలన్నది మాత్రం వాళ్ళ ఇష్టం.

ఒక ఊరు, ఆరుగురు తోబుట్టువులు

ఈ విందుని ఒకే చోట చూడాలంటే స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా వెళ్ళాలి. అక్కడి ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీలో 2002లో ఫోక్స్‌వాగన్ టూరెగ్, పోర్షే కయెన్ అనే రెండు పెద్ద ఎస్‌యూవీల కథ కలిసి మొదలైంది. తరవాత ఆడి క్యూ7 చేరింది. ఆ తరం పోయి ఎంఎల్‌బీ ఇవో అనే కొత్త ప్లాట్‌ఫామ్ వచ్చేసరికి కుటుంబం ఇంకా పెరిగింది. ఆడి క్యూ7, క్యూ8, పోర్షే కయెన్, ఫోక్స్‌వాగన్ టూరెగ్‌లతో పాటు బెంట్లీ బెంటేగా, లంబోర్గిని ఉరుస్ కూడా అదే పునాది మీద నిలబడ్డాయి. మొదట్లో బెంటేగా బాడీ బ్రాటిస్లావాలో రూపుదిద్దుకుని ఇంగ్లండులోని క్రూ పట్టణానికి వెళ్ళేది. ఉరుస్ బాడీ ఇటలీలోని సాంతాగాతా బొలొన్యేజేకి వెళ్తుంది. మన దేశంలో అమ్మే క్యూ7ని మహారాష్ట్రలోని ఛత్రపతి శంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాద్) ఫ్యాక్టరీలో బిగిస్తారు.

టేపు పట్టుకుని ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా కొలిస్తే చుట్టరికం బయటపడుతుంది. క్యూ7, బెంటేగా రెండూ దాదాపు 2,995 మిల్లీమీటర్లు. ఉరుస్ 3,003. వేగంగా మలుపులు కొట్టాల్సిన కయెన్ మాత్రం 2,895. వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చునే యజమానుల కోసం 2022లో బెంట్లీ ఇదే పునాదిని మరో 180 మిల్లీమీటర్లు సాగదీసింది. ఇంజన్లలోనూ ఇదే వరస. రెండు టర్బోలున్న నాలుగు లీటర్ల వీ8 కుటుంబం ఒకటే. బెంటేగాలో, కయెన్ టర్బోలో అది 550 హార్స్‌పవర్ ఇస్తే, 2017 డిసెంబరులో లోకానికి పరిచయమైన ఉరుస్‌లో 650 ఇచ్చింది. ఆ వేగాన్ని ఆపడానికి ఉరుస్ ముందు చక్రాలకి 440 మిల్లీమీటర్ల కార్బన్ సెరామిక్ బ్రేకు డిస్కులు బిగించారు. ఇంట్లో వాడే పెద్ద అన్నం పళ్ళేలకన్నా వెడల్పు అవి.

కొలతలు కలిశాయి, ఇంజను కుటుంబం కలిసింది. అయినా ఒకదాంట్లో కూర్చుంటే పల్లకిలో ఉన్నట్టూ, ఇంకోదాంట్లో కూర్చుంటే పందెపు ఎద్దుల బండి మీద ఉన్నట్టూ ఎందుకుంటుంది?

సైకిల్ పంపులో దాగిన సంగతి

స్ప్రింగు మీద బరువు పెట్టి ఒకసారి నొక్కి వదిలితే అది తనకంటూ ఉన్న లయలో ఊగుతుంది. మెత్తని స్ప్రింగైతే నెమ్మదిగా, గట్టిదైతే గబగబా. కారూ అంతే. తేలిపోతున్నట్టు ఉండాలనుకునే కార్లలో ఈ ఊపు సెకనుకి దాదాపు ఒకసారి. స్పోర్ట్స్ కార్లలో ఒకటిన్నర నుంచి రెండుసార్లు. మనం నడిచేటప్పుడు మన ఒళ్ళు కూడా సెకనుకి రెండుసార్ల దాకా పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి ఆ లయలు మనకి పరాయివి కావు. అదే సెకనుకి నాలుగు నుంచి ఎనిమిదిసార్లు అదిరితే కూర్చున్న మనిషికి పొట్టా వెన్నూ ఇబ్బంది పడతాయి. ఇంజనీరు పని ఆ అదురుని సీటు దాకా రానివ్వకపోవడం. ఊగే లయని రెట్టింపు చేయాలంటే స్ప్రింగు గట్టిదనం నాలుగింతలు కావాలి. ఇనుప స్ప్రింగుతో ఒకే కారుకి ఆ రెండు స్వభావాలూ ఇవ్వలేం.

ఇక్కడే గాలి సాయానికి వస్తుంది. సైకిల్ పంపు మూతిని బొటనవేలితో మూసి పిడిని నొక్కండి. మొదట్లో తేలిగ్గా దిగుతుంది. దిగేకొద్దీ బిగుసుకుంటూ, చివర్లో ఎంత బలం పెట్టినా కదలదు. లోపలి గాలికి జాగా తగ్గేకొద్దీ అది గట్టి స్ప్రింగు అవుతోందన్నమాట. 2017లో వచ్చిన కయెన్‌లో ఒక్కో చక్రం దగ్గరా ఉన్న గాలి స్ప్రింగుకి మూడు గదులుండేవి. మూడూ తెరిచి ఉంటే గాలికి చోటెక్కువ, ప్రయాణం మెత్తన. కవాటాలు మూసి గదులు తగ్గిస్తే అదే స్ప్రింగు క్షణంలో గట్టిపడుతుంది. ఒక్క పరికరంలో పల్లకీ, పందెపు బండీ రెండూ ఇమిడాయి. దేన్ని ఎప్పుడు, ఎంత అన్నది కంప్యూటరులో రాసిన లెక్క. ఆ లెక్క ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఒకే వీణ మీద ఇద్దరు విద్వాంసులు వేర్వేరు రాగాలు పలికించినట్టు.

మలుపుల దగ్గర ఇంకో చిక్కుంది. కారు ఒక పక్కకి ఒరగకుండా ఎడమ కుడి చక్రాలని కలుపుతూ యాంటీ రోల్ బార్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. అది ఎంత గట్టిదైతే మలుపులో అంత నిలకడ. కానీ తిన్నని రోడ్డు మీద ఒక చక్రం గుంటలో పడితే ఆ కడ్డీ రెండోదాన్నీ కుదిపేస్తుంది. 2015లో బెంటేగాతో వచ్చిన ఉపాయం ఏమిటంటే, ఆ కడ్డీని నడిమికి కోసి మధ్యలో ఒక ఎలక్ట్రిక్ మోటారు పెట్టడం. తిన్నగా పోయేటప్పుడు మోటారు రెండు ముక్కల్నీ వదిలేస్తుంది, చక్రాలు దేని దారి అవి చూసుకుంటాయి. మలుపు తిరగ్గానే 0.3 సెకన్లలో 1,300 న్యూటన్ మీటర్ల దాకా మెలిపెట్టి కారుని నిటారుగా నిలబెడుతుంది.

అంత బలం అంత త్వరగా కావాలంటే మామూలు 12 వోల్టుల కరెంటు చాలదు. 1,200 వాట్లు పంపాలంటే 12 వోల్టుల దగ్గర తీగలో 100 ఆంపియర్లు పారాలి. 48 వోల్టులైతే 25 చాలు. తీగ వేడెక్కి వృథా అయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, కరెంటు నాలుగోవంతైతే అదే తీగలో నష్టం పదహారోవంతుకి పడిపోతుంది. ఈ 48 వోల్టుల ఏర్పాటే తరవాత ఆడి ఎస్‌క్యూ7కీ, ఉరుస్‌కీ అందింది. ఇంత ఖర్చున్న పనిని కొన్ని వేల కార్లు అమ్మే లంబోర్గిని ఒక్కటే తలకెత్తుకోవాలంటే ఎంత భారమో ఆలోచించండి. పంచుకోవడం వల్ల ఖర్చు తగ్గడమే కాదు, ఒంటరిగా చేతకాని పనులు చేతనవుతాయి కూడా.

బిడదిలో ఒకే ఆవరణ

జర్మనీ, ఇటలీల దాకా వెళ్ళక్కర్లేదు. బెంగళూరు పక్కన బిడదిలో టయోటా ఫ్యాక్టరీ ఉంది. క్యామ్రీ అక్కడే తయారవుతుంది. 2020లో టయోటావాళ్ళ ఖరీదైన పేరు లెక్సస్ మీద వచ్చే ఈఎస్ 300హెచ్ తయారీ కూడా అక్కడే మొదలైంది. 2018 ప్రాంతంలో వచ్చిన తరంలో రెండింటిదీ జీఏ-కే ప్లాట్‌ఫామే, రెండున్నర లీటర్ల హైబ్రిడ్ ఇంజనే, 218 హార్స్‌పవరే. ఈ చుట్టరికం పాతదే. 1989లో లెక్సస్ పేరు మొదలైన రోజే వచ్చిన ఈఎస్ 250 కూడా క్యామ్రీ నుంచి పుట్టిందే.

మరి పై ధర దేనికి? ఇరుసుల మధ్య దూరం క్యామ్రీలో 2,825 మిల్లీమీటర్లు, ఈఎస్‌లో 2,870. ఆ 45 మిల్లీమీటర్లూ వెనక కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకి దక్కేవే. ఈఎస్ షాక్ అబ్జార్బర్లలో నూనె పారే దారిలో ఒక సన్నని రెక్కలాంటి కవాటం అదనంగా ఉంది. నున్నటి రోడ్డు మీద చక్రం వెంట్రుకవాసి కదిలినా అది స్పందిస్తుంది, లేకపోతే అంత చిన్న కదలికని షాక్ అబ్జార్బరు పట్టించుకోదు. ఇంకోటి చక్రంలో ఉంది. టైరు లోపలి గాలి ఒక గొట్టంలో గాలిలాగే మోగుతుంది, రోడ్డు గరుకు తగిలినప్పుడల్లా సెకనుకి రెండువందల చిల్లర సార్లు కంపిస్తూ ఒక హోరు పుట్టిస్తుంది. ఈఎస్ చక్రపు రిమ్ము చుట్టూ బోలుగా గదులు చేశారు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే సీసా తన స్వరంతో పలుకుతుంది కదా, అలాగే ఆ గదులు ఆ హోరు స్వరానికి సరిపోయేలా ఉండి దాన్ని తమలోకి తీసుకుని మింగేస్తాయి. షోరూములో ఎవరూ ఈ గదుల్ని చూపించరు. రెండొందల కిలోమీటర్లు పోయి దిగాక తల బరువెక్కకుండా ఉన్నప్పుడే వాటి విలువ తెలుస్తుంది.

పేరు మార్చి ఊరుకుంటే

ఈ అదనపు పని చేయకుండా బోర్డు మార్చి అమ్మినవాళ్ళు లేకపోలేదు. అందులో అందరూ చెప్పుకునేది అమెరికా కథ. జనరల్ మోటార్స్ దగ్గర కాడిలాక్ అంటే దర్జాకి మారుపేరు. చిన్న యూరప్ కార్లు ఆ కొనుగోలుదారుల్ని లాక్కుపోతుంటే, 1982 మోడలుగా కాడిలాక్ సిమరాన్‌ని హడావిడిగా దింపారు. అది కంపెనీవాళ్ళ చవక కారు షెవర్లే కావలియర్‌కి కవల. పొంటియాక్, ఓల్డ్స్‌మొబిల్, బ్యూయిక్ పేర్లతో మరో మూడు కవలలు పక్క షోరూముల్లోనే ఉన్నాయి. మొదట్లో దానికి పెట్టిన ఇంజను 1.8 లీటర్ల నాలుగు సిలిండర్లది, 88 హార్స్‌పవర్. తోలు సీట్లు, మెరుగైన ముస్తాబు ఇచ్చి కావలియర్‌కి దాదాపు రెండింతల ధర చెప్పారు. జనం తలుపు తీసి కూర్చున్నారు, పక్కింట్లో ఉన్న కారు గుర్తొచ్చింది, దిగిపోయారు. 1988లో సిమరాన్ ఆగిపోయింది. కాడిలాక్ పేరుకి తగిలిన దెబ్బ మాత్రం ఆ కారుతో పోలేదు.

ఆస్టన్ మార్టిన్‌ది ఇంకో రకం. జపాన్ నుంచి వచ్చిన చిట్టి టయోటా ఐక్యూకి ఇంగ్లండులో కొత్త ముఖం, చేత్తో కుట్టిన తోలు తొడిగి 2011లో సిగ్నెట్ పేరుతో అమ్మింది. లోపలి తోలు పని నిజంగా గొప్పదే. కానీ ఇంజను అదే 1.33 లీటర్లది, కదలిక అదే. ధర ఐక్యూకి రెండింతల పైన. 2013లో అదీ ఆగిపోయింది. చీర మార్చినంత మాత్రాన నడక మారదు కదా. మనిషి చేతికి తగిలే తోలుతో పాటు చక్రానికి తగిలే రోడ్డునీ పట్టించుకున్న కార్లే నిలబడ్డాయి.

పైనుంచి కిందికి దిగిన వారసత్వం

ఇప్పటిదాకా చవక కారు నుంచి ఖరీదైన కారుకి వెళ్ళిన పునాదుల కథ. అది వెనక్కి కూడా నడుస్తుంది. మన రోడ్ల మీదే దానికి రుజువు తిరుగుతోంది.

ఈ శతాబ్దం మొదట్లో ల్యాండ్ రోవర్, వోల్వో రెండూ ఫోర్డ్ చేతిలో ఉండేవి. ఆ ఇంట్లో ఈయూసీడీ అనే ప్లాట్‌ఫామ్ పుట్టింది. ఫోర్డ్ మాండియో, వోల్వో ఎక్స్‌సీ60 దానిమీద వచ్చాయి. 2006లో ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్ 2 కూడా దాని మీదే వచ్చింది. ఇరుసుల మధ్య 2,660 మిల్లీమీటర్లు. 2008లో టాటా మోటార్స్ 230 కోట్ల డాలర్లకి జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లని కొనుక్కుంది. 2011లో రేంజ్ రోవర్ ఇవోక్ వచ్చింది. దాని కొలతా 2,660 మిల్లీమీటర్లే. తరవాత డిస్కవరీ స్పోర్ట్‌లో మూడో వరస సీట్లకి చోటు కావాల్సివచ్చి దాన్ని 2,741కి సాగదీశారు.

2019 జనవరిలో టాటా హ్యారియర్ విడుదలైంది. ఇరుసుల మధ్య దూరం 2,741 మిల్లీమీటర్లు, డిస్కవరీ స్పోర్ట్‌దే. 2021లో సఫారీ దాని వెనకే వచ్చింది. అప్పట్లో నలభై లక్షల పైమాట ఉన్న కారు ఎముకలు 12.69 లక్షల దగ్గర మొదలైన కారులోకి రావాలంటే ఇంజనీర్లు ఎన్నో చోట్ల మళ్ళీ ఆలోచించాలి. ఖరీదైన అల్యూమినియం భాగాలకి బదులు ఉక్కు వాడారు. వెనక ఒక్కో చక్రం విడిగా కదిలే బహు చేతుల సస్పెన్షన్ తీసేసి, మన గతుకులకి తట్టుకునే సరళమైనది పెట్టారు. ఇంజను ఫియట్ నుంచి వచ్చిన రెండు లీటర్ల డీజిల్. జీప్ కంపాస్, ఎంజీ హెక్టర్‌లలో ఉన్నది కూడా అదే కుటుంబానిది. ఇంత మార్చినా గుద్దుకున్నప్పుడు దెబ్బని మోసే అమరిక, బాడీ బిగువు అనే అసలు ఆస్తి చెక్కుచెదరలేదు. వరంగల్ రోడ్డు మీద పోతున్న హ్యారియర్ వంశవృక్షం గీస్తే ఇంగ్లండు, స్వీడన్, అమెరికా, ఇటలీ, పుణే అన్నీ అందులో కొమ్మలే.

పంచుకున్న ఇంట్లో ఒక చీకటి గది కూడా ఉంటుంది. ఒక్కచోట లోపముంటే అది అందరికీ వ్యాపిస్తుంది. 2015లో బయటపడ్డ ఫోక్స్‌వాగన్ డీజిల్ పొగ కుంభకోణంలో, పరీక్షని పసిగట్టి పొగ తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్ ఉన్నది ఈఏ189 అనే ఇంజను కుటుంబంలో. ఆ ఇంజను ఫోక్స్‌వాగన్‌తో పాటు ఆడి, స్కోడా, సియాట్ పేర్ల మీదా ఉండటంతో ప్రపంచమంతా కలిపి లెక్క కోటీ పది లక్షల వాహనాలకి చేరింది. ఆడి బొమ్మ చూసి ఎక్కువ ధర పెట్టినవాళ్ళకీ ఆ బొమ్మ రక్షణ ఇవ్వలేదు. అందుకే కింద ఏముందో తెలుసుకోవడం కొనేవాడి హక్కు.

కరెంటు కార్ల కాలంలో

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఈ చుట్టరికాలు ఇంకా బలపడ్డాయి. బ్యాటరీ పెట్టె నేలంతా పరుచుకుని, ముందూ వెనకా మోటార్లు పెట్టుకుంటే కారు మళ్ళీ ఆ పాత లారీ ఛాసీ లాగా కనిపిస్తుంది. హ్యూందాయ్ గ్రూపు 2020లో ప్రకటించిన ఈ-జీఎంపీ ప్లాట్‌ఫామ్ మీద హ్యూందాయ్ ఐయానిక్ 5, కియా ఈవీ6, ఆ గ్రూపు ఖరీదైన పేరు జెనెసిస్ జీవీ60, మూడూ నిలబడ్డాయి. ఐయానిక్ 5కి ఇరుసుల మధ్య 3,000 మిల్లీమీటర్లు, మిగతా రెండింటికీ 2,900. కడ్డీలో మోటారుకి 48 వోల్టులు ఎందుకో చెప్పుకున్నాం కదా, అదే లెక్కతో ఇక్కడ బ్యాటరీ 800 వోల్టుల స్థాయికి చేరి, తగిన చార్జరు దొరికితే 10 శాతం నుంచి 80 శాతానికి 18 నిమిషాల్లో నిండుతుంది.

ఈ గ్రూపు మనకి పొరుగే. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో బయటికొచ్చిన తొలి తరం సెల్టాస్, శ్రీపెరంబుదూరులో పుట్టిన రెండో తరం క్రెటా, రెండింటికీ ఇరుసుల మధ్య 2,610 మిల్లీమీటర్లే. అది లగ్జరీ కాదు, మధ్యతరగతి ఇంటి కారు. కానీ సూత్రం బ్రాటిస్లావాలోదే. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల పిల్లలు ఆ లైన్ల మీద రోజూ చేస్తున్నది ఈ కొలతల ఒడంబడికని నిలబెట్టే పనే.

కారు ధరల శిఖరం మీదున్న రోల్స్ రాయిస్ చేసిందీ గమనించాలి. బీఎండబ్ల్యూ చేతికొచ్చాక 2009లో వచ్చిన ఘోస్ట్ బీఎండబ్ల్యూ 7 సిరీస్ నుంచి కొంత అప్పు తెచ్చుకుంది. 2017 ఫాంటమ్ నుంచి సొంతంగా ఒక అల్యూమినియం చట్రం తయారుచేసుకుంది. అయినా ఫాంటమ్, కలినన్, కొత్త ఘోస్ట్, ఎలక్ట్రిక్ స్పెక్టర్ నాలుగూ ఆ ఒక్క చట్రం మీదే ఉన్నాయి. పంచుకోకుండా ఎవరూ లేరు. తేడా అల్లా ఎవరితో పంచుకుంటున్నారన్నదే.

కాబట్టి ఖరీదైన కారు కొనబోయేవాళ్ళు "దీని ప్లాట్‌ఫామ్ ఎవరిది" అన్న ప్రశ్న దగ్గరే ఆగకూడదు. అదే పునాది మీదున్న చవక కారుని కూడా అదే రోజు, అదే రోడ్డు మీద నడిపి చూడాలి. స్పీడ్ బ్రేకరు దాటాక వెనక సీట్లో అమ్మ ఏమంటుందో వినాలి. ఎనభైలో పోతున్నప్పుడు పక్కనున్నవాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడగలుగుతున్నామో లేదో చూసుకోవాలి. సస్పెన్షన్‌లో, చప్పుడు ఆపే పనిలో, బ్రేకుల్లో, సీట్ల అమరికలో ఏమేం మార్చారని సేల్స్‌వాళ్ళని పేరుపేరునా అడగాలి. జవాబు తోలు, లైట్ల దగ్గరే ఆగిపోతే ఆ ధర బొమ్మకి ఇస్తున్నదే.

లారీ ఓనరు ఈ ప్రశ్నలన్నీ ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఆటోనగర్‌లో కొత్త బాడీ మీద ఎన్ని రంగులు వేయించినా, ఎన్ని పూలు గీయించినా, ముందున్న ఛాసీ కంపెనీ పేరుని అతను తుడిపించడు. లోడు లాగేది ఛాసీ అనీ, బాడీ తన ముచ్చట అనీ అతనికి రెండూ తెలుసు. రెండింటికీ విడివిడిగా బేరమాడి, విడివిడిగా డబ్బు కట్టాడు. కోట్ల కారు కొనేవాడికి కూడా తన డబ్బులో ఎంత కిందికి పోయిందో, ఎంత పైకి పోయిందో అంత స్పష్టంగా చెప్పే రోజు రావాలి.